ఇరవై ఎనిమిది అంగుళాలు

జనవరి 19, ఆదివారం

నిర్మల సూళ్లూరుపేటకు వెళ్లి నాలుగు రోజులైంది. మా అమ్మాయి రూపశ్రీకి ఇది రెండో కాన్పు. మంచం దిగకూడదని డాక్టరు చెప్పిందట. కాన్పుకు కూతురు పుట్టింటికి రావడం ఆనవాయితీ, కానీ ఈసారి పుట్టిల్లే కూతురి దగ్గరికి నడవాల్సి వచ్చింది. వెళ్లేముందు నిర్మల చెప్పిన అప్పగింతల్లో ముప్పాతిక వంతు మా పెయ్య గోరింటవే. పొద్దునా సాయంత్రం అరశేరు తవుడు, మధ్యాహ్నం పచ్చిగడ్డి, రాత్రికి ఉడికించిన ఉలవలు, వాటిలో చారెడు గానుగ చెనిక్కాయ చెక్క. నేనేం తినాలో మాత్రం చెప్పలేదు. అడిగితే, హోటలుండాది గదా అంది.

ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే నోరు పాచి పట్టేట్టుంది. అందుకని ఈ డైరీ. ముప్పై ఏళ్లు ఈ ఊరి బ్రాంచి పోస్టుమాస్టరుగా అందరి ఉత్తరాలూ పంచాను. నాకోసం నేను నాలుగు ముక్కలు రాసుకోవడం ఇదే మొదలు.

గంగమ్మ పరసకు, అదే మా పశువుల జాతరకు, ఇంకా నలభై రెండు రోజులు. ఈ పొద్దున గోరింటను గోడకు ఆనించి నిలబెట్టి మూపు దగ్గర కొలిచాను. ఇరవై ఏడు ముప్పావు. పాలపళ్లు ఊడని పుంగనూరు పెయ్యల తరగతికి ఇరవై ఎనిమిది అంగుళాలు హద్దు. దాటితే ఎత్తు కొలిచే కొయ్య దగ్గరే వెనక్కి పంపేస్తారు. ఇంకా పావు అంగుళం ఉంది. పావు అంగుళం అంటే చిటికెనవేలు గోరంత.

దీని ముఖం, దీని కళ్లు, నేలను ఊడ్చే దీని తోక చూసి ఏ జడ్జీ కాదనలేడు. అడ్డమల్లా ఆ గోరంతే.

జనవరి 22

ఉలవలు మానేశాను. ఉలవలు వేడి. ఎండలు మొదలవుతున్నాయి కదా.

జనవరి 24

రాత్రి చలికి రెండు దుప్పట్లు కప్పుకున్నా నిద్ర పట్టలేదు. పొద్దున ఎనిమిదింటికి కూడా మంచు విడవలేదు.

నిర్మల ఫోన్ చేసింది. పెయ్య తినిందా అని అడిగింది. తినింది అన్నాను. తవుడు తినింది కదా, అబద్ధమేమీ కాదు.

జనవరి 27, సోమవారం

చిన్న జీవానికి అరశేరు తవుడు ఎక్కువేనని నాకెప్పటి నుంచో అనుమానం. ఆడవాళ్లకు పెట్టడమే తెలుసు, కొలత తెలియదు. పావుశేరు చేశాను. చెక్క కూడా అక్కర్లేదనిపించింది.

మా నాయన ఎప్పుడూ అనేవాడు, మితం తప్పితే పశువైనా మనిషైనా ఒకటే అని. ఆయన ఏ సందర్భంలో అన్నాడో ఇప్పుడు గుర్తులేదు. ఎద్దు గురించి కాదు, మా చిన్నాయన తాగుడు గురించి అనుకుంటాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

సరిగ్గా నెల. ఈరోజు పరస పెద్ద మునెయ్య ఇంటి ముందు అందరం కూర్చున్నాం. ఎనభై ఏళ్లు దాటినా పందిరి ఎక్కడ వేయాలో, నీళ్ల తొట్లు ఎక్కడ పెట్టాలో ఆయనే చెప్పాలి. ఈసారి బండలాగుడుకు పద్నాలుగు జతలు వస్తాయట. పాల పోటీ ఉంది. టమాటా, చెరకు, రాగి కంకులు ప్రదర్శనకు పెట్టేవాళ్లు ముందురోజే తెచ్చుకోవాలి. పోయినసారి గుమ్మడికాయ తూకంలో గెలిచిన ఆనందమ్మ ఈసారి ఆ కాయ కంటే పెద్దది కాచిందని చెప్పుకుంటోంది, ఎవరికీ చూపించడం లేదు.

చిన్నప్పుడు నాయన వెంట పరసకు నడిచి వెళ్లేవాణ్ని. కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, తెల్లవారేసరికి మైదానానికి చేరేవాళ్లం. ఆ దుమ్ము వాసన, పేడ వాసన, బొరుగులూ మిరపకాయ బజ్జీల వాసన అన్నీ కలిసి ముక్కుకు ఎక్కేవి. కొత్త పగ్గాలు అమ్మేవాడి దగ్గర నాయన గంటసేపు నిలబడేవాడు. కొనేది ఒక్కటే అయినా ప్రతి పగ్గాన్నీ మెలిపెట్టి చూసేవాడు. ఏడాదంతా పొలంలో ఒంటరిగా గొడ్డుచాకిరీ చేసేవాళ్లకు తాము చేసిన పని పదిమంది కళ్ల ముందు నిలబెట్టుకునే రోజు అదొక్కటే. నా పెయ్యను చూడు, నా కాయను చూడు అనుకుంటూ తిరుగుతారు. అందులో తప్పేముంది?

గెలిచిన పెయ్యకు పసుపు పూసిన కొత్త పలుపు కడతారు. దాన్ని మొదటి పలుపు అంటాం. మరుసటి ఏడు ఊరేగింపులో ఆ ఇంటి పశువే అన్నిటికన్నా ముందు నడవాలి. నాయన కాలంలో అది పదకొండుసార్లు మా ఇంటికి వచ్చింది. నా కాలంలో నాలుగు. గడిచిన మూడేళ్లుగా దొరస్వామి ఇంట్లో ఉంది. మా పంచలో పలుపు వేలాడే మేకుకు ఇప్పుడు నా హెల్మెట్ వేలాడుతోంది. ఇంటికొచ్చిన ప్రతివాడూ ఆ హెల్మెట్ వంక చూసి నవ్వుతున్నట్టు అనిపిస్తుంది.

నాయన నాటికి కొలతలు లేవు. పాలు పిండి చూసేవాళ్లు, తోక చూసేవాళ్లు, పిల్లలు దగ్గరికి పోతే పొడుస్తుందో లేదో చూసేవాళ్లు. కొయ్య పెట్టించింది నేనే. ఆరేళ్ల కిందట జెర్సీ కలిసిన దూడల్ని కూడా పుంగనూరువని తోలుకొస్తుంటే ఒళ్లు మండి, హద్దు ఒకటి ఉండాలని కమిటీలో కొట్లాడి రాయించాను. ఇరవై ఎనిమిది అని చెప్పింది కూడా నేనే. ముప్పై అనమన్నాడు మునెయ్య. నేను వినలేదు.

ఫిబ్రవరి 6

ఇరవై ఏడు ముప్పావు! అణువంత కూడా పెరగలేదు. ఈ ఇరవై రోజుల్లో నాకు ఇంత సంతోషం కలగలేదు. హోటల్లో రెండు వడలు ఎక్కువ తిన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

దొరస్వామి వచ్చాడు. పనేమీ లేదు, ఊరికే వచ్చానన్నాడు. కళ్లు మాత్రం పాక వైపే. గోరింట దగ్గరికెళ్లి దాని గంగడోలు నిమిరాడు. అది వాడి చొక్కా జేబును నాకింది.

"పెయ్య సన్నబడిందే చెంగల్రాయప్పా" అన్నాడు.

చలికి అన్నాను. వాడు జేబులోంచి రెండు బొరుగు ఉండలు తీసి దాని నోటికి పెట్టాడు. నాకు కోపం వచ్చింది. పరాయివాళ్ల పశువుకు మేత పెట్టడం మంచి పద్ధతి కాదు, మొగం మీదే చెప్పాను. వాడు నవ్వేసి, తన పెయ్య ముప్పైకి ఎగబాకిందనీ, ఈసారి దాన్ని తోలుకురావడం లేదనీ చెప్పాడు.

ఓడిపోతానని భయపడి ముందే గుడారం పీకేశాడు. మూడేళ్లు ముందు నడిచినవాడికి వచ్చే ఏడు వెనక నడవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. అసలు పెయ్యను అలా విచ్చలవిడిగా మేపడమే వాడి తప్పు.

ఫిబ్రవరి 12

గోరింట నా లుంగీ అంచు నమిలేసింది. ఈమధ్య ఆటలు ఎక్కువయ్యాయి దానికి. నిన్న చీపురు పుల్లలు తింది, అట్టపెట్టె తింది. చిన్నపిల్లలు కూడా అంతే కదా, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు.

సాయంత్రం తవుడు మానేశాను. ఒక్కపూట చాలు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మనవరాలు పుట్టింది! రెండుంబావు కిలోలు. తల్లీబిడ్డా క్షేమం. రూపశ్రీ గొంతు నీరసంగా ఉంది కానీ నవ్వింది. ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. చెప్పిందే చెప్పాను కాబోలు, నిన్ననే చెప్పావు కదా అన్నట్టు చూశారు కొందరు. పుట్టింది ఈరోజే!

నిర్మల సంతోషం పట్టలేక గోరింటతో మాట్లాడతానంది. పిచ్చిదానా అన్నాను. వినలేదు. దీని తల్లి ఈనిన మూడోరోజే చచ్చిపోతే, సీసాతో పాలు పట్టి, తన పాత దుప్పటి కప్పి సాకింది నిర్మలే. ఫోన్ దాని చెవి దగ్గర పెట్టాను. నిర్మల గొంతు వినగానే అది మెడ చాచి అరిచింది. ఆపకుండా అరిచింది.

"ఏందప్పా, ఆకలి కేక ఏస్తా ఉండాది?" అంది నిర్మల.

నీ మీద బెంగ అన్నాను.  అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నా తల్లి అంది, నన్ను కాదు. నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు బయట అరుగు మీద కూర్చున్నాను.

బెంగ కూడా ఉంటుంది. లేదని ఎవరనగలరు?

ఫిబ్రవరి 19

పచ్చిగడ్డి మాన్పించి వరిగడ్డి వేస్తున్నాను. కడుపుకు తేలిక.

ఇరవై ఏడు ముప్పావుకు ఒక వెంట్రుకవాసి ఎక్కువ. నేల ఎగుడుదిగుడుగా ఉన్నట్టుంది. మళ్లీ కొలవలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

వారమే ఉంది. గోరింటకు నీళ్లు పోసి, ఆముదం పూసి దువ్వాను. నిర్మల ఉన్నప్పుడు ఆ ఎర్రటి వెంట్రుకలు గోరింటాకు పెట్టుకున్న అరచేతిలా మెరిసేవి. అందుకే ఆ పేరు పెట్టింది. ఇప్పుడు ఎంత నూనె పూసినా గరుకుగానే ఉన్నాయి. నూనె మంచిది కాదేమో, అంగడివాణ్ని అడగాలి.

దువ్వుతుంటే పక్కటెముకలు చేతికి తగిలాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయి ఏడు దగ్గర ఆపేశాను. ఎముకలు అందరికీ ఉంటాయి.

ఫిబ్రవరి 26, శివరాత్రి

ఈరోజు ఒక్కపొద్దు ఉన్నాను. గోరింటకు కూడా ఏమీ వేయలేదు. దేవుడి పేరు మీద.

మధ్యాహ్నం రెండింటికే నాకు కళ్లు తిరిగాయి. అరటిపళ్లు రెండు తిని, పాలు తాగాను. వయసైపోయినవాళ్లకు దోషం లేదంటారు.

మార్చి 1, శనివారం

అంతా సిద్ధం. కొమ్ములకు పసుపు రాశాను. మెడలో కొత్త గంటలు కట్టాను. వీపు మీద ఏం కప్పాలా అని పెట్టె వెతికితే నిర్మల పాత పట్టుచీరె దొరికింది. ఆకుపచ్చ మీద ఎర్రంచు. మడతపెట్టి వీపు మీద పరిచి, పొట్ట కిందికి రెండు వైపులా బాగా దిగేటట్టు కట్టాను. ఎంత అందంగా ఉందో! అందం కోసమే కట్టాను.

నిర్మల రావడం లేదు. బాలింతనూ పసిబిడ్డనూ వదిలి ఎలా వస్తుంది? గెలిచాక ఫోటో పంపమంది. అలాగే అన్నాను. నిజం చెప్పాలంటే రాకపోవడమే మంచిదనిపించింది. ఈ ఎండలో అంత దూరం ఎందుకు పాపం.

మార్చి 2, ఆదివారం, పొద్దున

బయల్దేరుతున్నాం. గంగమ్మా, నువ్వే దిక్కు.

మార్చి 3, సోమవారం

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకోరకంగా చెప్పుకుంటాను. నలభై రోజులుగా నేను చేసింది అదే.

మైదానం ఎప్పటిలాగే కళకళలాడింది. బండలాగుడు దగ్గర ఈలలు, అరుపులు. ఆనందమ్మ గుమ్మడికాయను ఇద్దరు మోసుకొచ్చారు, దానికి దిష్టిచుక్క కూడా పెట్టింది. పుంగనూరు పెయ్యల వరుసలో తొమ్మిది నిలబడ్డాయి. కొయ్య దగ్గర గోరింట వంతు వచ్చింది. కొలిచేవాడు అడ్డకర్రను దాని మూపు మీదికి దించాడు. కర్ర ఇరవై ఎనిమిది గీతకు ఆనీ ఆననట్టు నిలిచింది. సరిపోయింది అన్నాడు.

తర్వాత పావుగంటలో తేలిపోయింది. తోక చూశారు, ముఖం చూశారు, నడిపించి చూశారు. మెల్లగా, ఒద్దికగా అడుగు వేస్తోందని జడ్జీలు మెచ్చుకున్నారు. అది నీరసమని నాకు తెలుసు. మైకులో నా పేరు, నాయన పేరు కలిపి చదివారు. మునెయ్య స్వయంగా వచ్చి మొదటి పలుపు కట్టాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ కన్నీళ్లు ఆనందంతో వచ్చినవే. అది మాత్రం అబద్ధం కాదు.

పలుపు కట్టాక చాట పెట్టడం మా పరసలో ఆచారం. నానబెట్టిన బియ్యం, బెల్లం, కొబ్బరి ముక్కలు చాట నిండా పోసి గెలిచిన పెయ్య ముందు పెడతారు. పెయ్య రెండు నోళ్లు తిని మొగం తిప్పుకుంటుంది. కడుపు నిండిన పశువు ఎప్పుడైనా అంతే చేస్తుంది. మిగిలింది ప్రసాదం. తలా పిడికెడు తీసుకెళ్లి తమ పశువుల కుడితిలో కలుపుకుంటారు. పాడి పెరుగుతుందని నమ్మకం. మా నాయన పదకొండుసార్లు గెలిచినప్పుడూ చాటలో ముప్పాతిక మిగిలేది.

ఆనందమ్మ చాట పెట్టింది. చుట్టూ ఆడవాళ్లు కొంగులు పట్టుకుని నిలబడ్డారు. గోరింట మూతి పెట్టింది. ఇక ఎత్తలేదు.

మొదట అందరూ నవ్వారు. భలే తింటోందే అన్నారు. సగం అయిపోయింది. నవ్వు తగ్గింది. నేను పలుపు పట్టి వెనక్కి లాగాను. అది నాలుగు కాళ్లూ నేలలో తన్నిపెట్టి తింటూనే ఉంది. చాట ఖాళీ అయింది. ఖాళీ చాటను నాకింది. నాకి నాకి చాట అంచును కొరికి నమలసాగింది. వెదురు విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. ఆ తర్వాత ఆనందమ్మ చేతిని వాసన చూసింది, ఆమె చీర కుచ్చెళ్లను వాసన చూసింది, నేల మీద రాలిన ఒక్కొక్క బియ్యపు గింజనూ మట్టితో సహా నాకింది. ఆడవాళ్ల కొంగులు అట్లాగే ఖాళీగా ఉండిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఏదైనా అంటే బాగుండునని నాకనిపించింది.

అప్పుడే గుంపులోంచి నిర్మల వచ్చింది. వియ్యపురాలు ముందురోజు దిగిందట. ఇంటి బరువు ఆమెకు అప్పజెప్పి, నాకు చెప్పకుండా, తెల్లవారుజామున రైలెక్కి, తిరుపతిలో బస్సు పట్టుకుని నేరుగా మైదానానికి వచ్చింది. భుజాన సంచి ఇంకా అలాగే ఉంది. నన్ను చూసి నవ్వింది. పెయ్య వీపు మీది చీరె చూసింది.

"నా చీరె గదా ఇది" అంది. తర్వాత కిందికీ పైకీ చూసి, గొంతు తగ్గించి నన్నే అడిగింది.

"ఎవురి పెయ్యప్పా ఇది, పాపం?"

 నిర్మల గొంతు వినగానే గోరింట తల ఎత్తింది. మొన్న ఫోన్లో అరిచినట్టే అరిచి, ఆమె కడుపులో తల దూర్చింది. నిర్మల కదల్లేదు. ఒక చేత్తో దాని తల పట్టుకుని, రెండో చేత్తో చీరె అంచు పైకెత్తి చూసింది. మళ్లీ దించేసింది. ఊరంతా చూస్తుండగా నన్ను ఒక్క మాట అనలేదు.

ఇంటికి తోలుకొచ్చిన గంటకే పెయ్య కడుపు తంబురలా ఉబ్బింది. కూలబడిపోయి పళ్లు కొరకసాగింది. ఎండిన కడుపులో శేర్లకొద్దీ బియ్యం పడితే పులిసిపోతుందని నాకు తెలుసు. ఊళ్లో ఎవరి గొడ్డుకు జబ్బు చేసినా సలహా చెప్పేది నేనే. కబురు పెట్టగానే పశువుల డాక్టరు స్టెల్లా పరసలో నుంచే స్కూటరు మీద వచ్చింది. పొట్ట తట్టి చూసింది, కంటి రెప్ప తిప్పి చూసింది.

నెలరోజులుగా దీనికి ఏం పెడుతున్నారు అని అడిగింది. ఎప్పటిలాగే అన్నాను. అలవాటైన నోరు, దానంతటదే చెప్పేసింది. స్టెల్లా సూది పక్కన పెట్టింది.

"నాకు అబద్ధం చెప్పినా పర్వాలేదు సార్. దాన్నిబట్టి నేను మందేస్తే పెయ్య నిలవదు. మీరే ఆలోచించుకోండి" అంది.

పాక ముందు పదిమంది ఉన్నారు. మునెయ్య ఉన్నాడు, దొరస్వామి ఉన్నాడు. నిర్మల పెయ్య తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను చెప్పాను. ఉలవలు ఏ రోజు మాన్పించానో, తవుడు ఎప్పుడు సగం చేశానో, ఎప్పుడు ఒక్కపూటకు దించానో, పచ్చిగడ్డి ఎప్పుడు తీసేశానో, శివరాత్రి నాడు ఏం చేశానో అన్నీ తేదీలతో చెప్పాను. పుస్తకం చూడాల్సిన పని రాలేదు. ప్రతి రోజూ నాకు గుర్తుంది. గుర్తుందంటే ఏం చేస్తున్నానో తెలిసే చేశానన్నమాట.

ఎత్తు పెరక్కుండా కడుపు మాడ్చాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

స్టెల్లా సోడా ఉప్పు నీళ్లు గొట్టంతో కడుపులోకి పంపింది. మెడకు సెలైన్ పెట్టింది. దొరస్వామి చెప్పకుండానే సెలైన్ బుడ్డి పట్టుకుని నిలబడ్డాడు, పొద్దు వాలేదాకా. పట్టుకుంటానని నేను చేయి చాస్తే, వద్దులే అన్నాడు.

మార్చి 4

గోరింట లేవలేదు. పేడ వేసింది, నీళ్లలా. మంచి గుర్తే అంది స్టెల్లా, కానీ గట్టిగా చెప్పలేనంది.

మొదటి పలుపు తీసుకుని మునెయ్య దగ్గరికి వెళ్లాను. ఇది నాది కాదన్నాను. ఆయన తీసుకుని మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆ కొయ్యను వచ్చే ఏడు తీసేయించు తాతా, దానివల్లే ఇదంతా అన్నాను.

"కొయ్య ఏం సేసిందప్పా? అది నిలబెట్టినకాడ నిలబడింది" అన్నాడు మునెయ్య.

మార్చి 5

పొద్దున ఆరింటికి గోరింట లేచి నిలబడింది. కాళ్లు వణికాయి, కానీ నిలబడింది. దొరస్వామి పచ్చిగడ్డి కోసి మోపు కట్టి తెచ్చాడు. స్టెల్లా పిడికెడు పిడికెడుగా పెట్టమంది.

నేను పిడికిట్లో పట్టుకుని భయపడుతూ దగ్గరికి వెళ్లాను. మొగం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు. గబగబా వచ్చి నా చేతిలోది తినేసి, వేళ్లు నాకింది. నలభై రోజులు ఏమీ జరగనట్టే నాకింది. మేత వేసే గాడిలో మొగం పెట్టుకుని ఏడ్చాను. అరవై మూడేళ్ల మనిషి ఏడ్చాడని రాయడానికి సిగ్గేమీ లేదు. అంతకంటే సిగ్గుమాలినవి ఈ పుస్తకంలో చాలా రాశాను.

దొరస్వామి పాక బయటే ఉన్నాడు. లోపలికి వచ్చి ఒక మాట చెప్పాడు. అప్పట్లో ఇరవై ఎనిమిదికి దగ్గరపడ్డ వాడి పెయ్యను చూసి, వాడి కొడుకులు కూడా మేత తగ్గిద్దామన్నారట. నాలుగు రోజులు తగ్గించి చూశాడట. నాలుగో రోజు దాని కళ్లలోకి చూడలేక పరసే మానుకున్నానన్నాడు. నాలుగు రోజులకే వాడికి తెలిసిపోయింది.

మార్చి 8, శనివారం

నిర్మల మళ్లీ సూళ్లూరుపేటకు బయల్దేరింది. బిడ్డకు నెల నిండేదాకా ఉండి రావాలి. ఈ ఆరు రోజుల్లో నాతో అవసరమైనవే మాట్లాడింది. అన్నం తిందురా, నీళ్లు తోడు, సోడా ఉప్పు యాడ పెట్టినావు. పెయ్యను తను వచ్చేదాకా దొరస్వామి ఇంట్లో కట్టేస్తుందేమో అనుకున్నాను. వాడు కూడా అడిగాడు. నిర్మల ఒద్దంది. దీన్ని ఆయనే సాకాల అంది.

సంచి మోసుకుంటూ బస్టాపు దాకా వెంట వెళ్లాను. బస్సు ఇంకా రాలేదు. ఊళ్లో ఎదురైనవాళ్లు ఈమధ్య పలకరించడం లేదు. పలకరించినా పెయ్య ఎట్లుందని అడిగి వెళ్లిపోతున్నారు, నేనెట్లున్నానని అడగడం లేదు. అదంతా భరించగలను. ఈమె మౌనమే భరించలేకపోయాను. రోడ్డు పక్కనే, సంచి కింద పెట్టి, నన్ను తిట్టు నిర్మలా అన్నాను. నాలుగు తిట్టి పో. నలుగురూ వినేట్టు తిట్టినా సరే. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఉప్పు తక్కువైందంటే పెళ్లినాటి నుంచి లెక్క తీసి తిట్టేదానివి, ఇప్పుడేమైంది నీ నోటికి అన్నాను.

ఆమె చాలాసేపు నా మొగంలోకి చూసింది. కోపం లేదు. జాలి ఉందేమో, చెప్పలేను. బస్సు మలుపు తిరగడం చూసి, వంగి సంచి తనే ఎత్తుకుంది.

"తిట్టను. తిడితే నీకు తేలికైపోతాది" అంది.